సారవ్వ ‘తెల్వది’ అన్న మనిషి

గోదావరి ఒడ్డున బొగ్గుబాయిల ఊరు ఖనిలో మొదటి షిఫ్టు సైరన్ మోగకముందే ఆ గుడిసెల వరుసలో సారవ్వ గొంతు మోగేది. ఉన్నది ఒక్క నల్లా. నీళ్లు వచ్చేది తెల్లవారే వేళ కాసేపు. ఆ కాసేపట్లో ఎవరి బిందె ముందు, ఎవరి బిందె వెనుక అని తేల్చే అధికారం సారవ్వకు ఎవరూ ఇవ్వలేదు. ఆమే తీసుకుంది.

“ఏయ్ లతీఫా! నీ బిందెకు కాళ్లొచ్చినయా? ఇప్పటిదాంక నా ఎనుక ఉండె, గింతల్నే ముంగటికెట్ల వచ్చింది?”

“కాళ్లు నా బిందెకు గాదు సారక్కా, నీ నోటికున్నయ్. పొద్దుగాల లేస్తే ఖనంత తిరిగొస్తది.”

నల్లా చుట్టూ ఉన్న ఆడవాళ్లు నవ్వేవాళ్లు. సారవ్వ మొగుడు రాజం గుడిసె ముందు కూర్చుని వేపపుల్ల నములుతూ ఏమీ విననట్టే ఉండేవాడు. బాయిలో, అంటే గని లోపల, టబ్బులకు బొగ్గు నింపే పని అతనిది. షిఫ్టంతా టబ్బుల చప్పుడు విని వచ్చే మనిషికి ఇంటి దగ్గర మాట్లాడే అవసరం పెద్దగా కనిపించేది కాదు. అతని వాటా కూడా సారవ్వే మాట్లాడేది.

ఈ పోట్లాట రోజూ ఉండేదే. సాయంత్రం బొగ్గుపొయ్యిల పొగ వరుసంతా కమ్ముకునే వేళకు, అదే సారవ్వ గిన్నెలో ఇంత పచ్చిపులుసు పోసి “గాయింత దాని మొఖాన పోసి రాపో” అని ఎవరో ఒకరి చేత పక్కింటి లతీఫున్నీసాకు పంపేది. లతీఫ్ ఆ గిన్నెను ఖాళీగా తిప్పి పంపేది కాదు. దాంట్లో ఏదో ఒకటి వచ్చేది, దాని వెంట ఒక మాట కూడా వచ్చేది: “ఉప్పేసుడు మర్సింది మీ అక్క. చెప్పుండ్రి.”

సారవ్వది రామగిరి వైపు పల్లె. దొర పొలంలో వంగిన నడుమును ఖనికి వచ్చి బొగ్గు ముందు వంచింది. కొత్తగా బాయిలు తెరుస్తున్నారని విని రాజం తట్టాబుట్టా నెత్తిన పెట్టుకుని బయలుదేరితే వెంట వచ్చింది. బాయిలోంచి పైకి వచ్చిన బొగ్గు కదిలే ఇనుప పలకల మీద పోతుంటే, అందులో కలిసి వచ్చే రాళ్లను చేత్తో ఏరి పారెయ్యడం ఆమె పని. కాంట్రాక్టరు కింద కూలి. పొద్దు గూకేసరికి కళ్లు, పళ్లు తప్ప మనిషంతా నలుపే. వరుసలో ఎవరికి నొప్పులు వస్తున్నాయో, ఎవరింట్లో పొయ్యి వెలగలేదో, ఎవరి మొగుడు కల్లు దుకాణం నుంచి ఇంకా రాలేదో ఆమెకు తెలిసిపోయేది. తెలిశాక ఊరుకోవడమే చేతనయ్యేది కాదు.

ఆ వరుసకు ఒక కట్టుబాటు ఉండేది. ఎవరూ కూర్చుని పెట్టింది కాదు, బాయి నేర్పింది. పైనుంచి ఎవరు వచ్చి ఏది అడిగినా “తెల్వది సార్” అనాలి. లోపల టబ్బు పట్టాలు తప్పితే ఎవడి చెయ్యి అజాగ్రత్త? తెల్వది. నిన్న సంఘం మీటింగులో గట్టిగా మాట్లాడింది ఎవడు? తెల్వది. ఫలానావాడు పనికి ఎందుకు రాలేదు? తెల్వది సార్. దీన్ని అబద్ధం అనేవాళ్లు అనుకోవచ్చు. పైవాడి ప్రశ్న ఎప్పుడూ కిందివాడి మెడ వెతుక్కుంటూనే వస్తుందని చూసి చూసి తెలుసుకున్న మనుషులు వాళ్లు. తోటివాడి పేరు నోట రానివ్వకపోవడమే వాళ్ల మధ్య ఉన్న ప్రేమ. ఆ ప్రేమే ఒకసారి లతీఫ్ మెడకు చుట్టుకుంది.

లతీఫున్నీసా పుట్టింది గోదావరికి అవతలి ఒడ్డున, జైపూర్ దగ్గరి పల్లెలో. అమ్మానాన్నలు కలరా గత్తరకు పోతే నాన్న తల్లి, దాదీ మహబూబీ పెంచింది. పోలీసు చర్య తర్వాతి గందరగోళంలో, నైజాం పోలీసులో జవానుగా చేసిన మేనమామ భయపడి కరాచీ పోతూ ఈ పిల్లను కూడా వెంట తీసుకుపోయాడు. దాదీని కూడా రమ్మన్నాడు. “నేనొస్తే నా బర్రెను ఎవలు సూస్తరు?” అని ఆమె కదలలేదు. పిల్లను మాత్రం ఎవరూ ఏమీ అడగలేదు. పాలపళ్లు ఊడుతున్న పిల్లను ఏ దేశం కావాలమ్మా అని ఎవరడుగుతారు?

పెద్దదయ్యాక దాదీని చూడాలని ఏడ్చి మొత్తుకుని, కరాచీలో ఇచ్చిన పాసుపోర్టు పట్టుకుని వచ్చింది. వచ్చిన మనవరాలిని మహబూబీ మళ్లీ పోనివ్వలేదు. చుట్టాల అబ్బాయి అస్గర్‌కిచ్చి నిఖా చేసింది. అస్గర్‌కు ఖనిలో బాయి పని దొరికింది. అట్లా ఆమె ఈ వరుసలోకి వచ్చింది. ఏటేటా ఠాణాకు పోయి, ఇక్కడ ఉండేందుకు గడువు పొడిగించుకునేవాళ్లు. పొడిగించే జవాను చాయ్ తాగించి మరీ పంపేవాడు. ఒక గుడిసె, ఒక పొయ్యి, మున్నీ అనే ఒక ఆడపిల్ల. కాగితం మీద మాత్రం మొగుడిది ఒక దేశం, పెళ్లానిది ఇంకో దేశం.

అరవై ఐదులో యుద్ధం వచ్చింది. అది జరుగుతున్న చోటు వేయి మైళ్ల అవతల ఉంది. ఖనిలో చాలామందికి అది ఏ దిక్కున ఉందో కూడా తెలియదు. అయినా చాయ్ హోటల్లో రేడియో చుట్టూ మూగినవాళ్లలో ఒకడు “మన వరుసలనే ఒక పాకిస్తానుందట గదరా” అన్నాడు. పని నుంచి వస్తున్న సారవ్వ ఆ మాట విని, నల్లటి చేతులు నడుం మీద పెట్టుకుని అతని ముందు నిలబడింది.

“ఉన్నది. నల్ల కాడ రోజు నాతోని లడాయి జేస్తది. నువ్వు రేడియోల ఇని గెల్సినమని సంబురపడుతున్నవ్. నేను రోజు ఓడిపోయి ఇంటికి పోతున్న. రా, రేపు పొద్దుగాల నువ్వు వచ్చి నిలవడు దాని ముంగట!”

హోటలంతా నవ్వింది. ఆ రోజు ఆ మాట ఇంకెవరూ అనలేదు. కానీ నవ్వుతో ఆగేది కాదు ఆ సంగతి. లతీఫ్‌కు ఇక గడువు పొడిగించేది లేదన్నారు. దేశం విడిచి పొమ్మన్నారు. పోదామంటే సరిహద్దు మూసి ఉంది. పొమ్మన్న చేత్తోనే తలుపుకు గొళ్లెం వేస్తే ఎటు పోవాలి ఆ మనిషి? ఎటూ పోలేక అక్కడే, ఎవరి బూట్ల చప్పుడు విన్నా మున్నీని దగ్గరికి లాక్కుంటూ ఉండిపోయింది. తర్వాత యుద్ధం ఆగింది. పెద్దవాళ్లు ఒప్పందం చేసుకున్నారు. దారి కొద్దిగా తెరుచుకుంది. తెరుచుకోగానే లతీఫ్ సంగతి మళ్లీ పైకి వచ్చింది.

ఠాణాలో సదయ్య అనే జవాను ఉండేవాడు. చుట్టుపక్కల ఊరివాడే. ఒక సాయంత్రం వచ్చి, “రేపు కరీంనగర్ నుంచి ఇన్‌స్పెక్టర్ సారు వస్తుండు. లతీఫా గురించి మీ అందర్ని అడుగుతడట” అని చెప్పి పోయాడు. ఎందుకు అడుగుతాడో అతనూ చెప్పలేదు, సారవ్వా అడగలేదు. వరుసలో అందరినీ నల్లా దగ్గరికి పిలిచింది.

“ఇనుండ్రి. రేపు పోలీసాయన వస్తడు. లతీఫా ఎవలంటే ఎవలకు తెల్వది. ఒక్కలు నోరిప్పినా సరే, నల్ల కాడ సుక్క నీళ్లు ముట్టనియ్య.”

“నువ్వు నోరిప్పకుంట ఉంటవా సారక్కా?” అంది ఎదురు గుడిసె పూలమ్మ.

“నా నోరు నేను కుట్టుకుంట. నీది సూస్కో.”

తెల్లవారి లతీఫ్‌ను ఇంట్లో లేకుండా పక్క వరుసకు పంపేశారు. అస్గర్ షిఫ్టులో ఉన్నాడు. మున్నీని పూలమ్మ చంకన వేసుకుంది. ఇన్‌స్పెక్టర్ నెమ్మదైన మనిషి, కాస్త అలసిన మనిషి. మొదట పూలమ్మనే అడిగాడు.

“లతీఫున్నీసా అనే ఆమె తెలుసా అమ్మా?”

“తెల్వది సార్.”

“ఎదురుగా ఉన్న గుడిసేగా?”

“గుడిసె తెల్సు. అండ్ల ఎవలుంటరో తెల్వది.”

చంకలో మున్నీ ఆ గుడిసె వైపు చెయ్యి చాపి “అమ్మీ” అని ఏడ్చింది.

“ఈ పిల్ల ఎవరి పిల్ల?”

పూలమ్మ మున్నీని అప్పుడే మొదటిసారి చూస్తున్నట్టు చూసింది. “నేను గూడ గదే సోంచాయిస్తున్న సార్.”

ప్రతి గుడిసెలోనూ అదే జవాబు. చివర సారవ్వ వంతు వచ్చింది.

“ఎప్పటినుంచి ఉంటున్నావు ఇక్కడ?”

“బాయి తెర్సినప్పటిసంది.”

“పక్కింట్లో ఎవరున్నారో తెలియదా?”

“పొద్దంత రాళ్లేరుత సార్. తలకాయ లేపే యాళ్లేది నాకు?”

ఇన్‌స్పెక్టర్ ఆమె వైపు కాసేపు చూశాడు. ఇంకేమైనా చెబుతుందేమోనని ఎదురుచూసినట్టే ఉంది ఆ చూపు. సారవ్వ పెదవులు బిగించింది. ఆయన వెళ్లిపోయాడు. ఆ సాయంత్రం వరుసలో పండుగలా ఉంది. “ఒక్క ముక్క దొరకలే ఆయనకు!” అని సారవ్వ అందరికీ చెప్పింది. పూలమ్మ మున్నీని చూసి “ఎవల పిల్లవే నువ్వు?” అని అడిగి అడిగి నవ్వించింది. లతీఫ్ బగారన్నం వండి ఇంటింటికీ పంచింది.

కొన్నాళ్లకు సదయ్య మళ్లీ వచ్చాడు. ఈసారి అతని చేతిలో కాగితం ఉంది. అస్గర్ గుడిసె ముందు నిలబడి, తలెత్తకుండా చదివాడు. ఈ స్త్రీకి ఈ ప్రాంతంతో సంబంధం ఉన్నట్టు ఇరుగుపొరుగు ఒక్కరూ చెప్పలేదు. కాబట్టి నెల లోపల దేశం విడిచి పోవాలి. పోకపోతే జవాన్లు వెంట ఉండి సరిహద్దు దాటిస్తారు. పిల్ల ఇక్కడ పుట్టిన పిల్ల కాబట్టి ఇక్కడే ఉండవచ్చు.

“గదేంది సదయ్యా?” అంది సారవ్వ. “మేమెవలం ఏం చెప్పకపోతిమి గదా!”

“గదే అక్కా కొంప ముంచింది. సారు ఆమెను పంపేతందుకు రాలే. ఉంచేతందుకు ఏదన్న ఆధారం దొరుకుతదా అని వచ్చిండు. గిన్ని గుడిసెలు తిరిగితే ఒక్కలన్న తెల్సు అన్లేకపోతిరి. ఎవలకు తెల్వని మనిషిని ఆయన ఏమని ఉంచుతడు?”

మున్నీ మట్టిలో ఆడుకుంటోంది. లతీఫ్ గడప పట్టుకుని నిలబడి, కాగితం వైపు కాకుండా పిల్ల వైపే చూస్తోంది.

మరునాడు తెల్లవారి నల్లా దగ్గర సారవ్వ గొంతు లేవలేదు. బిందె వెనుక పెట్టి తల వంచుకుని నిలబడింది. లతీఫ్ వచ్చి తన బిందెను అందరికంటే ముందు, సారవ్వ కళ్ల ముందే, చప్పుడయ్యేటట్టు పెట్టింది.

“ముంగట పెట్టినక్కా. సూస్తలేవా?”

సారవ్వ తన బిందెను ఇంకాస్త వెనక్కి జరుపుకుంది.

“ఒక్క తిట్టన్న తిట్టరాదు!” అని లతీఫ్ అక్కడే కూలబడి ఏడ్చింది.

అప్పుడు కదిలింది సారవ్వ. ఆ రోజు పనికి పోలేదు. ఏ ఇంటి నోరు తాను మూయించిందో ఆ ఇంటికల్లా మళ్లీ పోయి, నోరు తెరవమని అడిగింది. మూయించడం ఒక్క మాటతో అయిపోయింది. తెరిపించడం అంత సులువు కాదని మొదటి గుడిసె దగ్గరే తెలిసింది.

“మొన్న తెల్వదంటిమి, ఇయ్యాల తెల్సంటే ఠాణాల అబద్ధం చెప్పినట్టే గదా సారక్కా,” అంది పూలమ్మ. “మా ఆయన పని పోతే పిల్లలకు ఏం పెట్టాలె?”

“అబద్ధం మీరు చెప్పలే. నేను చెప్పిచ్చిన. గా మాట నేనే చెప్త. తప్పంత నా నెత్తినేసుకుంట. మీరు తెల్సు అని ఒక్క మాట అనుండ్రి, సాలు.”

కొందరు చూద్దామన్నారు. కొందరు తలుపు దగ్గరికి వేశారు. ఒకాయన మాత్రం బయటికి వచ్చి, “పాకిస్తాన్ దాని కోసం మా బువ్వల మన్ను పోస్తవా?” అని కేకలేశాడు. గుమిగూడిన జనంలోంచి రాజం ముందుకు వచ్చాడు. నములుతున్న వేపపుల్ల తీసి పక్కకు పారేశాడు.

“బాయిల కప్పు కూలినప్పుడు, కిందున్నోడు ఏ ఊరోడని అడిగినంకనే రాయి లేపుతున్నమా?”

అంతే అన్నాడు. మళ్లీ పోయి గుడిసె ముందు కూర్చున్నాడు. రాజం మాట్లాడాడన్నది ఆ పూట వరుసలో పెద్ద వార్త అయింది. వేసుకున్న తలుపులు కొన్ని మళ్లీ తెరుచుకున్నాయి.

ఇన్‌స్పెక్టర్ వేరే పని మీద మళ్లీ ఖని ఠాణాకు వచ్చిన రోజు సదయ్యే కబురు పంపాడు. రాళ్లేరే ఆడవాళ్లు పని దిగి, మొహం కూడా కడుక్కోకుండా అట్లాగే వచ్చారు. పూలమ్మ మున్నీని ఎత్తుకుని వచ్చింది. లతీఫ్, అస్గర్ వెనకాల నిలబడ్డారు. ఆ నల్లటి గుంపును చూసి సదయ్య గుమ్మంలో చేతులు అడ్డం పెట్టాడు.

“గింతమందా అక్కా! లోపల కుర్సీలు లెవ్వు.”

“కూసుండ రాలే తమ్మీ, ఒప్పుకుందామని వచ్చినం. తప్పుకో.”

ఇన్‌స్పెక్టర్ ఆమెను గుర్తుపట్టాడు. “నువ్వేగా తలకాయ లేపే వేళ లేదన్నావు?”

“నేనే సార్. అబద్ధం చెప్పిన. వీళ్లందరి తోని నేనే చెప్పిచ్చిన. లోపలేసుడుంటే నన్నెయ్యి. గాని ముందుగాల మేం చెప్పేది రాస్కో. లతీఫా మాకు తెల్సు.”

“మొన్న తెలియదన్నావు, ఇవాళ తెలుసంటున్నావు. ఏది నమ్మమంటావు?”

“ఖనికి వచ్చిన కాడికెల్లి నల్ల కాడ దాంతోని కొట్లాడుతున్న సార్. తెల్వని మనిషితోని ఎవలన్న గిన్నేండ్లు కొట్లాడుతరా?”

ఇన్‌స్పెక్టర్ నోరు తెరిచేలోపే పూలమ్మ ముందుకు తోసుకొచ్చింది. “అది ఎసొంటిదో నన్నడుగుండ్రి సార్! నా మేక దాని మల్లెచెట్టు కొరికిందని వారం దినాలు నా మొఖం సూడలే. నాకు పురుడైనప్పుడు మాత్రం పొమ్మన్నా పోకుంట నెత్తి మీద కూసున్నది. నేను పండుకుంటనంటే పండనియ్యది, లేస్తనంటే లెవ్వనియ్యది.”

“మా అత్తకు తన చేతుల మందు తాగుడు అలవాటు జేసింది సార్,” అంది ఇంకొకామె. “ఇప్పుడు నేను తాపితే మా అత్త తాగది. లతీఫానే రావాలెనట!”

“మా ఇంటాయన తాగొస్తె మా ఇంట్లకే వచ్చి ఆయనను తిడుతది. నన్ను తిట్టనియ్యది!”

ఒకరి మీద ఒకరు పడి చెబుతున్నారు. అన్నీ నేరాలే. వెనకాల నిలబడ్డ లతీఫ్ చాలాసేపు ఓపిక పట్టింది. చివరికి ఆగలేకపోయింది.

“పూలక్కా! మల్లెచెట్టు గాదు, గోరింటాకు చెట్టు. కొరుకుడు గాదు, మొదలంట తిన్నది. పోలీసుల ముంగట గూడ మేకనే ఎనుకేసుకొస్తున్నవా?”

“తింటది మరి. చెట్టుకు కంప కట్టుకోవాలెనని నీకు తెల్వదా?”

“మేకను కట్టేసుకోవాలెనని నీకు తెల్వదా?”

ఇన్‌స్పెక్టర్ బల్ల మీద కొట్టాడు. ఎవరూ వినలేదు. ఆయన ఉర్దూలో, మీది ఏ ఊరమ్మా అని లతీఫ్‌ను అడిగాడు. ఆమె ఆయన వైపు తిరగకుండానే, తెలుగులోనే, “జెర ఆగుండ్రి సార్, గీమె తోని అయిపోనియ్యుండ్రి” అంది. గదిలో ఒక్కసారిగా అందరూ ఆగిపోయారు. తానేమందో లతీఫ్‌కు అప్పుడు తెలిసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇన్‌స్పెక్టర్ కలం కింద పెట్టి చాలాసేపు నవ్వు ఆపుకున్నాడు.

“ఇంతమంది ఇన్ని నేరాలు మోపుతున్న మనిషిని కొత్తమనిషని నేనెట్లా రాసేది?” అన్నాడు సదయ్యతో. “చాయ్ చెప్పు. ఒక్కొక్కరినీ పిలువు.”

ఆదేశం రద్దు చేసే అధికారం ఆయనకు లేదు. వాళ్లు చెప్పింది ఆయన పైకి రాశాడు, ఆ పైవాళ్లు ఇంకా పైకి రాశారు. నెల గడువు దాటింది. సారవ్వ రోజూ గుడిసె బయట కూర్చుని దారి వైపు చూసేది. బూట్లు వేసుకున్న ఏ మనిషి వచ్చినా ముందు ఆమెను దాటి పోవలసిందే. చివరికి ఆదేశం వచ్చింది. తర్వాతి ఉత్తర్వు వచ్చేదాకా లతీఫ్ ఉండవచ్చు. కానీ ప్రతి సోమవారం ఠాణాలో కనిపించాలి. అనుమతి లేకుండా జిల్లా దాటరాదు.

దయ కూడా ఎంత కొలిచి పెడతారో చూడండి. అయినా ఆ రోజు వరుస వరుసంతా ఊపిరి పీల్చుకుంది. తల్లీ పిల్లా ఒకే గుడిసెలో ఉన్నారు, అది చాలనుకున్నారు.

ఎవరి పనీ పోలేదు, ఒక్క సారవ్వది తప్ప. ఠాణాకెక్కిన ఆడమనిషి నాకొద్దని కాంట్రాక్టరు తీసేశాడు. సారవ్వ ఒక్క పూట తిట్టి, మరునాడు బాయి గేటు దగ్గర కుంపటి పెట్టింది. వానాకాలం మక్కకంకులు కాల్చేది. తక్కిన రోజుల్లో అలసందలతో బబ్బెర గుడాలు ఉడకబెట్టేది. షిఫ్టు దిగి వచ్చే కార్మికులు ఆమె తిట్లతో సహా కొనుక్కు తినేవాళ్లు.

ప్రతి సోమవారం లతీఫ్ వెంట ఠాణాకు నడిచేది సారవ్వ. ఆమె పోవలసిన పని లేదు. ఒకరోజు దారిలో ఒకాయన ఆపి అడిగాడు. “సారక్కా, నీ మీద గూడ కేసున్నదా ఏంది?”

“ఉన్నది. తెల్సిన మనిషిని తెల్వదన్న కేసు. అది ఇంక కొట్టెయ్యలే.”

జిల్లా దాటరాదన్న మాటకు అర్థం మెల్లమెల్లగా తెలిసింది. ఇవతలి ఒడ్డు ఒక జిల్లా, అవతలి ఒడ్డు ఇంకో జిల్లా. మధ్యలో గోదావరి. దాదీ ఊరు అవతల ఉంది. మొదట్లో పీర్ల పండుగకు పోయి వస్తానంటే ఠాణాలో ఒక రోజుకు సరేననేవాళ్లు. డెబ్బై ఒకటిలో మళ్లీ యుద్ధం వచ్చింది. ఆ ఒక్కరోజు కూడా పోయింది. ఎక్కడో వేయి మైళ్ల అవతల కాపలా కాస్తున్న సరిహద్దు నడిచి నడిచి వచ్చి గోదావరిలో కూర్చుంది. అటు సైనికులు ఉంటే, ఇటు ఇసుక. మనిషిని ఆపడానికి రెండూ ఒకటే.

తర్వాతి ఎండాకాలం దాదీ మహబూబీ మంచం పట్టిందని కబురొచ్చింది. మనవరాలిని ఒక్కసారి చూడాలని ఒకటే కలవరిస్తోందట. అస్గర్ అనుమతి కోసం అర్జీ పెట్టాడు. ఎన్ని రోజులైనా జవాబు రాలేదు. లతీఫ్ నల్లా దగ్గర కొట్లాట మానేసింది. సారవ్వ అది చూసింది. ఒక పొద్దున కుంపటి పూలమ్మకు అప్పజెప్పి, చీరకొంగు నడుముకు చెక్కుకుని, ఎండిన గోదావరి దాటి అవతలికి పోయింది.

అక్కడ ఊరివాళ్లతో బండి కట్టించింది. బండిలో మంచం, మంచంలో మహబూబీ, మీద నీడకు ఒక దుప్పటి. బండి నది వైపు కదిలాక ముసలామె కళ్లు తెరిచింది.

“నువ్వెవలు బిడ్డా?”

“సారవ్వను.”

“మా లతీఫాకు ఏమైతవ్?”

“నల్ల కాడ కొట్లాడుత.”

ముసలామె బోసినోటితో నవ్వింది. “అరె, నువ్వేనా అది! మస్తు చెప్తది నీ గురించి.”

“ఏమని చెప్తది?”

“ఉప్పెయ్యవట గదా.”

సారవ్వ పంపిన కబురు అంది, ఇవతలి నుంచి లతీఫ్, అస్గర్, మున్నీ ఇసుకలోకి దిగారు. నదిలోకి పోతే వెంట జవాను ఉండాలని ఠాణాలో అన్నారు. సదయ్య వచ్చాడు. నది మధ్యలో మోకాలి లోతు పాయ ఒకటి పారుతోంది. దాని ఇవతలి ఒడ్డున సదయ్య ఆగాడు. అవతల బండి చక్రాలు ఇసుకలో దిగబడి కదలడం లేదు. పిలిస్తే పలికేంత దూరంలో దుప్పటి నీడ కనిపిస్తోంది.

“ఈడికే చెల్లే,” అన్నాడు సదయ్య లతీఫ్‌తో. “గీ పాయ దాటితే జిల్లా దాటినట్టే. నా నౌకరి పోతది.”

లతీఫ్ నీళ్ల అంచున నిలబడి “దాదీ!” అని పిలిచింది. దుప్పటి కింద చెయ్యి ఒకటి లేచింది, నిలవలేక పడిపోయింది. అది చూసి సారవ్వ చీర మోకాళ్లకు పట్టుకుని పాయ దాటి ఇవతలికి వచ్చింది.

“సదయ్యా, హద్దు ఏడున్నది?”

“నడిమిట్ల.”

“గీత గీసిన్రా?”

“ఇసుకల గీతెట్ల ఉంటదక్కా?”

“మరి నీకెట్ల తెల్సు?”

సదయ్యకు చిరాకేసింది. ఎండ మండుతోంది. “నేను నిలవడ్డ కాడే హద్దు అనుకో. సాలునా?”

“గట్లనా?” అంది సారవ్వ. ఆ మాట ఒక్కటి చిక్కితే చాలన్నట్టు అతని ముఖంలోకి చూసింది. “అయితే జెర నడువు తమ్మీ.”

సదయ్య ఆమె వైపు చూశాడు. వెనక్కి తిరిగి ఒడ్డు వైపు చూశాడు. ఎవరూ లేరు. వంగి బూట్లు విప్పి, రెంటినీ కలిపి ముడేసి భుజానికి వేసుకున్నాడు. “కాళ్లు కాలుతున్నయ్” అన్నాడు, ఎవరితోనూ కాదు. నీళ్లలోకి దిగాడు. అతని వెనకే లతీఫ్ దిగింది. ఒక్క అడుగు కూడా అతన్ని దాటకుండా, అతని నీడ మీద కాలు పెడుతూ నడిచింది. ఆమె వెనక అస్గర్, అతని భుజం మీద మున్నీ. సదయ్య పాయ దాటాడు, బండి దాటాడు, బండికి అవతల పోయి వీపు తిప్పి నిలబడ్డాడు.

“మై ఆయీ దాదీ, నేనొచ్చిన,” అని లతీఫ్ మంచం పట్టె మీద తల పెట్టింది. ముసలి చేతులు ఆ తలను వెతికి పట్టుకున్నాయి. ఎడ్లు ఇసుకలో కాళ్లు మార్చుకుంటున్నాయి. సారవ్వ దుప్పటి అంచు ఎత్తి పట్టుకుని ఎండకు అడ్డంగా నిలబడింది.

పొద్దు వాలాక మహబూబీ అడిగింది. “మల్ల ఎప్పుడొస్తవ్ బిడ్డా?”

సారవ్వ అందుకుంది. “రేపే దాదీ. రేపు గూడ బండి కట్టిస్త.”

లతీఫ్ తలెత్తి భయంగా సదయ్య వీపు వైపు చూసింది. అతను తిరగలేదు. అవతలి ఒడ్డు వైపే చూస్తూ అన్నాడు.

“రేపు గూడ నాకు ఈడనే డ్యూటీ.”

మహబూబీ వానల దాకా బతికింది. గోదావరికి కొత్తనీళ్లు వచ్చేదాకా ఆ ఇసుకలో సదయ్య హద్దు వీలైనప్పుడల్లా అట్లా అవతలికి జరుగుతూనే ఉంది. వెనకాల సారవ్వ నడుస్తూనే ఉంది, మున్నీ చేతిలోని పచ్చిపులుసు గిన్నె ఒలకకుండా పట్టుకొమ్మని అరుస్తూ.